జ్వరమొచ్చిన ఇల్లే విహారం

 

వర్షావాసం నెలల్లో మన వాడల్లో సాయంత్రం పూట కూడి బాబాసాహెబ్ రాసిన ధమ్మ గ్రంథం చదువుకుంటాం. ముసురు పట్టే నెలలు, జ్వరాలు తిరిగే నెలలు కూడా అవే. అందుకే ఈసారి ఒక్క సంగతే మాట్లాడుకుందాం. ఏండ్ల తరబడి తగ్గని రోగంతో మంచం పట్టిన మనిషికి, దాని మీద జ్వరం కూడా తోడైతే, ఆ ఇంట్ల భర్త గానీ భార్య గానీ ఏం చేయాలె? పక్కింట్ల ఉన్న మనం ఏం చేయాలె?

ఇది పుస్తకం చూసి చెప్పేది కాదు. తప్పు చేసి నేర్చుకున్నది.

ఒక ఇంటి సంగతి

మర్రిగూడ దిక్కు ఒక పల్లె. ఊరి పేరు, మనుషుల పేర్లు రాయను. ఆయనను నేను అన్న అంటాను, ఆమెను వదిన అంటాను. ఇద్దరూ దీక్ష తీసుకున్నవాళ్లే. వదిన పుట్టినప్పటి నుంచి బోరింగు నీళ్లే తాగింది. నలభై ఏండ్లు నిండకముందే నడుము వంగింది. తర్వాత మెడ తిరగలేదు. నాలుగేండ్ల కింద కాళ్లు పడిపోయినయి. మూత్రం తనంతట తాను రాదు, పైపు వేసి సంచి పెట్టిన్రు. బిడ్డకు పెండ్లయింది, కొడుకు హైదరాబాద్‌ల పని చేస్తడు. ఇంట్ల ఉన్నది వీళ్లిద్దరే. అన్ననే ఆమెకు స్నానం చేపిస్తడు, బట్టలు మారుస్తడు, అన్నం తినిపిస్తడు, మిగిలిన పొద్దు కూలికి పోతడు.

వర్షావాసం చివరి రోజులు. పత్తి ఏరుడు మొదలైంది. ఒక పొద్దున వదినకు చలి పుట్టింది. ఆమె చెప్పలేదు. చెప్తే ఆయన కూలి పోతదని దాచుకుంది. రెండో రోజుకు ఒళ్లు కాలిపోతున్నది. ఊళ్లె సూది వేసే ఆయన వచ్చి నొప్పుల సూది ఒకటి, జ్వరం గోలీలు నాలుగు ఇచ్చి పోయిండు. ఆ రాత్రి వదిన మాట తప్పింది. చచ్చిపోయిన తన తల్లిని పిలుస్తున్నది. అన్ననే గుర్తు పట్టక చెయ్యి విదిలించి కొట్టింది. సుట్టాలు వచ్చి గాలి సోకిందన్నరు. పోయిన జన్మల ఏం చేసిందో, ఈ జన్మల గిట్ల అనుభవిస్తున్నదన్నరు. "బుద్ధున్ని పట్టుకొని అమ్మవారిని మర్చిపోయిన్రు, ఇప్పుడన్న మొక్కుకోరాదు" అన్నరు.

మూడో రోజు ఆశా వర్కర్ వచ్చి సంచి వంక చూసింది. మూత్రం మడ్డిలెక్క ఉన్నది, వాసన కొడుతున్నది. "ఇది గాలి కాదు పెదనాయినా, మూత్రంల ఇన్‌ఫెక్షన్" అని 108కు ఫోన్ చేసింది. సర్కారు దవాఖానల పైపు మార్చి, మూత్రం పరీక్షకు పంపి, మందులు పెట్టిన్రు. వారానికి వదిన ఇంటికొచ్చింది.

వచ్చినంక నేను పోయి కూసున్న. అన్న చానా సేపు మాట్లాడలేదు. తర్వాత తల వంచుకొని ఇట్ల అన్నడు: "తమ్మీ, రెండో రాత్రి నాకు ఒక ఆలోచన వచ్చింది. ఇది పోతే దీనికీ సుకం, నాకూ సుకం అనిపించింది. పంచశీల తీసుకున్నోన్ని. నేను పాపాత్మున్నేనా?"

ఆ ప్రశ్నకు జవాబే ఈ చిన్న పుస్తకం.

రోగం కర్మ కాదు

ముందు సుట్టాల మాట తీసుకుందాం. పోయిన జన్మ పాపం అనే మాట మన చెవులకు కొత్త కాదు. అదే మాటతో మనల్ని ఊరి బయట ఉంచిన్రు. సివకుడు అనే పరివ్రాజకుడు ఒకసారి తథాగతుని దగ్గరికి వచ్చి, మనిషి అనుభవించే ప్రతి బాధకూ పాత కర్మే కారణమని కొందరంటారు, మీరేమంటారని అడిగాడు. తథాగతుడు ఒప్పుకోలేదు. పిత్తం వల్ల, శ్లేష్మం వల్ల, వాతం వల్ల, రుతువు మారడం వల్ల, ఒంటిని సరిగ్గా చూసుకోకపోవడం వల్ల, దెబ్బల వల్ల కూడా బాధలు పుడతాయని, ఇది లోకానికంతా తెలిసిన సత్యమని, అంతా కర్మే అనేవాళ్లు హద్దు దాటి మాట్లాడుతున్నారని చెప్పాడు. గత జన్మ కర్మ పేరుతో పేదవాని కష్టాన్ని వాని నెత్తినే రుద్దడాన్ని బాబాసాహెబ్ కూడా ఒప్పుకోలేదు.

వదిన నడుము వంచింది పాపం కాదు, నీళ్లు. మన నేల కింద ఉన్నది నల్లరాయి, గ్రానైటు. ఆ రాళ్ల సందుల్లో నిలిచిన నీళ్లల్లోకి ఫ్లోరైడ్ కరిగి వస్తుంది. తాగే నీళ్లలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదు. మన పల్లెల్లో ఎన్నో బోర్లు ఆ హద్దు దాటినవే. ఏండ్ల తరబడి తాగితే బొక్కలు, వాటిని కట్టి ఉంచే నరాలు గట్టిపడతాయి. వెన్నెముక లోపలి దారి ఇరుకై వెన్నుపాము నలుగుతుంది. కాళ్లు, మూత్రం పట్టు తప్పుతాయి. దేశంలో ఈ రోగం గురించి వైద్యులు మొదట రాసింది 1937లో, నెల్లూరు దిక్కు పల్లెలను చూసి. మన జిల్లా పేరు పెట్టుకున్న నల్లగొండ పద్ధతి, అంటే పటిక, సున్నం కలిపి నీళ్లల్ల ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి, నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ తయారు చేసింది. బాబాసాహెబ్ దీక్ష ఇచ్చిన ఊరే అది.

కారణం నీళ్లు గనుకనే పోరాటం కూడా నీళ్ల కోసమే జరిగింది. బాబాసాహెబ్ 1927 మార్చి 20న మహాడ్‌లో చవదార్ చెరువు నీళ్లు చేతుల్లోకి తీసుకున్నాడు. 1996లో మన నల్లగొండ లోక్‌సభ సీటుకు 480 మంది పోటీలో నిలబడి, ఓటు కాగితాన్ని పుస్తకమంత చేసి, ఫ్లోరైడ్ బాధను దేశానికి చూపించిన్రు. జలసాధన సమితి నడిపిన పోరాటం అది. 2015లో చౌటుప్పల్‌లో మిషన్ భగీరథ పైలాన్ లేచింది. కర్మ అనుకొని కూసుంటే ఇందులో ఒక్కటీ జరగకపోవు. నల్లా నీళ్లు కొత్త రోగాన్ని ఆపుతాయి. కానీ వంగిన నడుమును తిరిగి నిలబెట్టలేవు. ఆ నడుములు మన ఇండ్లల్ల ఇంకా ఉన్నాయి. వాళ్లకు కావలసింది మొక్కు కాదు, సేవ.

తథాగతుడు నీళ్లు పోసిన కథ

వినయ పిటకంలోని మహావగ్గంలో ఒక కథ ఉంది. ఒక భిక్షువుకు కడుపు రోగం పట్టింది. తన మలమూత్రాలలోనే పడి ఉన్నాడు. ఆనందునితో కలిసి వసతులు చూస్తూ వచ్చిన తథాగతుడు అతన్ని చూశాడు. నిన్ను ఎవరూ చూసుకోవడం లేదా అని అడిగాడు. నేను ఎవరికీ ఏమీ చేయలేదు, అందుకే నన్ను ఎవరూ చూడడం లేదన్నాడు ఆ భిక్షువు. తథాగతుడు ఆనందునితో నీళ్లు తెప్పించాడు. తానే పోశాడు, ఆనందుడు కడిగాడు. తల దిక్కు తాను పట్టాడు, కాళ్ల దిక్కు ఆనందుడు పట్టాడు. మంచం మీద పడుకోబెట్టారు. ఆ తర్వాతనే సంఘాన్ని పిలిచి మాట్లాడాడు. తల్లిదండ్రులను విడిచి వచ్చిన మీరు ఒకరినొకరు చూసుకోకపోతే ఇంకెవరు చూస్తారని మందలించాడు. తనకు సేవ చేయాలనుకునేవాళ్లు రోగికి సేవ చేయాలన్నాడు.

ముందు కడిగాడు, తర్వాత ప్రవచనం చెప్పాడు. ఈ వరస గుర్తు పెట్టుకోండి.

ఆ సందర్భంలోనే మంచి సేవకునికి ఐదు గుణాలు ఉండాలని చెప్పాడు. మంచం పట్టిన మనిషికి జ్వరం వచ్చిన రోజు ఆ ఐదూ ఎట్ల పనికొస్తాయో చూద్దాం.

మొదటిది, మందు సిద్ధం చేయగలగాలి. ఈ కాలంలో దాని అర్థం, ఏ మందు ఏ పొద్దుకు, ఎన్ని రోజులు అనేది రాసి పెట్టుకోవడం. జ్వరం దిగింది గదా అని యాంటీబయోటిక్ నడుమ ఆపొద్దు. ఎప్పటి నుంచో వాడుతున్న మందులను జ్వరం వచ్చిందని మనంతట మనం బంద్ చేయొద్దు, డాక్టర్‌ను అడగాలె.

రెండోది, ఏది పడుతుంది, ఏది పడదు అనేది తెలిసి ఉండాలి. మన దిక్కు నొప్పులకు సూదులు, గోలీలు ఇష్టమొచ్చినట్టు వాడతాం. జ్వరంతో ఒళ్లు ఎండిపోయిన మనిషికి అవి కిడ్నీలను దెబ్బతీస్తాయి. పైపు ఉన్న మనిషికి జ్వరం, చలి, మూత్రం మడ్డిగా రావడం, వాసన, సంచిల మూత్రం తగ్గడం, ఉన్నట్టుండి మాట తడబడడం, కాళ్లు చేతులు ఎప్పటికంటే బిగుసుకోవడం, ఇందులో ఏది కనిపించినా ఆ రోజే దవాఖానకు తీసుకపోవాలె. ఛాతీ బొక్కలు బిగుసుకున్నవాళ్లు గట్టిగా దగ్గలేరు, వాళ్లకు మామూలు జలుబు కూడా ఊపిరితిత్తులకు దిగొచ్చు. ఊపిరి అందకపోతే తెల్లారేదాక ఆగొద్దు, 108కు ఫోన్ చేయాలె.

మూడోది, ఆశ కోసం కాదు, మైత్రితో చేయాలి. పింఛన్ కోసం, పొలం చెక్క కోసం చేసే సేవ రోగికి తెలిసిపోతుంది. మొఖం మాడ్చుకొని పెట్టిన బువ్వ గొంతు దిగదు.

నాలుగోది, మలం, మూత్రం, ఉమ్మి, వాంతి అంటే ఏవగించుకోవద్దు. ఇక్కడ మనం ఒక మాట చెప్పుకోవాలె. మన తాతలతో ఊరు ఎత్తించింది ఇదే. ఇదే పని పేరు చెప్పి మనల్ని అంటరానివాళ్లన్నరు. కానీ కులం బలవంతంగా చేయించిన చాకిరీ వేరు, మనసుతో చేసే సేవ వేరు. తథాగతుని చేతులే ఆ పని చేసిన తర్వాత దాంట్లో తక్కువతనం ఎక్కడిది? మొగోడు పెండ్లానికి కడగడమేందని నవ్వేవాళ్లు ఉంటరు. సిగాలునికి చెప్పిన ఉపదేశంలో భార్యను గౌరవించడం, చిన్నచూపు చూడకపోవడం భర్త విధులుగా తథాగతుడు చెప్పాడు. ఆమె ముప్పై ఏండ్లు నీకు వండి పెట్టింది, నీ బట్టలు ఉతికింది. నువ్వు ఇయ్యాల కడిగితే నీ మొగతనం ఏం తరగదు. కడిగే ముందు, కడిగిన తర్వాత సబ్బుతో చేతులు కడుక్కో. సంచిని నడుము కంటే కిందికే ఉంచు, నేల మీద మాత్రం పెట్టకు. రెండు గంటలకొకసారి పక్క మార్చు, పడక పుండ్లు పడవు. నీకు జలుబుంటే మూతికి మాస్క్ కట్టుకో. ఇవన్నీ శీలంలో భాగాలే అనుకో.

ఐదోది, ధమ్మం మాటలతో ధైర్యం చెప్పాలి. జ్వరం వచ్చిన రోజుల్లో పాత రోగం కూడా ముదిరినట్టు కనిపిస్తుంది. కదిలే చెయ్యి కదలదు, మాట తిరగదు. ఇక అయిపోయిందని ఇంటోళ్లు ఏడుస్తరు. వదినకూ అట్లనే అయింది. జ్వరం తగ్గినంక నెల రోజులకు ఆమె చెయ్యి మళ్లా గ్లాసు పట్టింది. అందరికీ పూర్తిగా తిరిగి వస్తదని నేను చెప్పలేను. కానీ జ్వరం నడుస్తుండగానే ఆశ వదులుకోవద్దు. తెలివి తప్పి తిట్టినా, కొట్టినా అది ఆ మనిషి మాట కాదు, జ్వరం మాట.

రోగికి కూడా ధమ్మం ఉంది

రోగికి ఉండవలసిన గుణాలు కూడా తథాగతుడు ఐదు చెప్పాడు. తనకు పడేదే చేయడం, మితం తెలిసి ఉండడం, మందు తీసుకోవడం, బాధను ఓర్చుకోవడం, ఇంకా రోగం పెరిగిందో తగ్గిందో సేవ చేసేవారికి ఉన్నది ఉన్నట్టు చెప్పడం. వదిన చలిని దాచింది ప్రేమతోనే. కానీ ఒక రోజు కూలి మిగిలించబోయి ప్రాణం మీదికి తెచ్చుకుంది. అక్కలారా, నొప్పి దాచుకోవడం పతివ్రత గుణం అని మనకు ఎవరో నేర్పిన్రు. మన ధమ్మంలో అది గుణం కాదు. చెప్పడమే గుణం.

రోగి మనసులో ఉండే పెద్ద బాధ తన నొప్పి కాదు, ఇంటోళ్లకు బరువైపోయిన అనే దిగులు. నకులపిత అనే ఉపాసకుడు తీవ్రంగా జబ్బు పడ్డప్పుడు భార్య నకులమాత ఆ దిగులునే పట్టుకుంది. నువ్వు లేకపోయినా నేను నూలు వడికి పిల్లలను సాకగలను, ఇంకో ఇంటికి పోను, శీలం తప్పను, ధమ్మం వదలను, కాబట్టి దిగులుతో ఉండకు అని ఒక్కొక్కటీ వివరంగా చెప్పింది. ఆ మాటలకు అతని మనసు తేలికపడి రోగం తగ్గిందని, కర్ర పట్టుకొని నడిచి వెళ్లి తథాగతున్ని కలిశాడని కథ. ఇట్లాంటి భార్య దొరకడం నీ అదృష్టమని తథాగతుడు అతనితో అన్నాడు. నూలు వడికిన ఆ తల్లి మన పత్తి ఏరే అక్కలకు దూరపు మనిషి కాదు.

బాబాసాహెబ్ ఇల్లు కూడా ఈ బాధ చూసిందే. రమాబాయి చాలాకాలం రోగంతో ఉండి 1935 మే 27న కన్నుమూసింది. బాబాసాహెబ్‌కు షుగర్, కాళ్ల నొప్పులు ఎక్కువైన రోజుల్లో, 1948 ఏప్రిల్ 15న ఆయనను పెండ్లాడిన డాక్టర్ సవిత చివరి దాక ఆయన ఆరోగ్యం చూసుకున్నది. మనం చదువుకునే ధమ్మ గ్రంథం ఆ రోగం రోజుల్లోనే పూర్తయింది. దాని వెనుక ఆమె సేవ కూడా ఉన్నది. ఆయన పోయినంక ఆమెను ఎన్ని మాటలు అన్నరో పెద్దలకు తెలుసు. సేవ చేసిన మనిషినే నిలదీయడం మనకు అలవాటు. ఆ అలవాటు పోవాలె.

అన్న ప్రశ్నకు జవాబు

ఇప్పుడు అన్న అడిగిన మాటకు వద్దాం. "పోతే బాగుండు" అనే ఆలోచన వచ్చింది. ఆయన పాపాత్ముడా?

కాదు. మన ధమ్మంలో కమ్మం అంటే చేతన, అంటే కావాలని పూనుకొని చేసేది. రెండు రాత్రులు నిద్ర లేని మనిషికి ఆలోచన వచ్చింది, పోయింది. ఆయన దాన్ని పట్టుకోలేదు. ఆ ఆలోచన వచ్చిన గంటల కూడా ఆయన చేతులు ఆమె నుదుటి మీద తడిగుడ్డ మారుస్తనే ఉన్నయి. ఆయన కమ్మం ఏదంటే ఆ తడిగుడ్డ. తథాగతుడు రెండు బాణాల గురించి చెప్పాడు. ఒంటికి తగిలే బాధ మొదటి బాణం. దాన్ని తలచుకొని మనసును కుళ్లబెట్టుకోవడం రెండో బాణం. అన్నా, మొదటి బాణం నువ్వు తప్పించుకోలేవు. రెండోది నీకు నువ్వే గుచ్చుకోకు. ఆ ఆలోచన చెప్పేది నీ చెడ్డతనం కాదు, నీ అలసట. అలసట అని తెలిస్తే అడగాలె, "నాకు ఒక రాత్రి నిద్ర కావాలె, ఎవరన్న రండి" అని.

అడిగితే ఎవరు పోవాలె? ఇక్కడ నా తప్పు చెప్పుకుంటా. ఆ మూడు రాత్రులు మేము ఆ ఇంటికి నాలుగిండ్ల అవతల అంబేద్కర్ భవనంలో కూడి చదువుకుంటున్నం. రెండో రాత్రి మా చదువుల వచ్చింది తథాగతుడు రోగికి నీళ్లు పోసిన కథే. అందరం మెచ్చుకున్నం. కొందరికి కండ్లల్ల నీళ్లొచ్చినయి. అన్న ఎందుకు రాలేదని ఒక్కరం అడగలేదు. కథ మా వీధిలనే నడుస్తున్నది. అందులో మేము ఆ భిక్షువును వదిలేసిన సంఘం. సంఘం సరణం గచ్ఛామి అని రోజూ అంటం. శరణు అని వచ్చినోనికి ఆసరా ఇయ్యని సంఘం ఏం సంఘం?

అమ్మవారికి మొక్కుకోమన్న సుట్టాలన్న ఆ రాత్రి ఆ ఇంటికి వచ్చిన్రు. 22 ప్రతిజ్ఞలు చదివిన మేము రాలేదు. మొక్కులు వదిలిపెట్టమని చెప్పినంక ఆ జాగల ఏం పెట్టినం? ఏం పెట్టకపోతే భయపడ్డ మనిషి మళ్లా గుడి మెట్లే ఎక్కుతడు. తప్పు ఆయనది కాదు.

సంఘం చేయవలసిన పని

ఆ తర్వాత మేము ఒక నోటుబుక్కు పెట్టినం. వాడల మంచంల ఉన్నవాళ్లు, వాళ్లను చూసుకునేవాళ్లు ఎవరో రాసినం. వందన మొదలు పెట్టే ముందు ఆ పేర్లు చదువుతం. ఎవరు రాలేదో చూసి, వాళ్ల ఇంటికి ఇద్దరం పోతం. జ్వరం వచ్చిన ఇంట్ల రాత్రికొకరం కూసుంటం, ఇంటాయన పండుకుంటడు. ఒక ఇల్లు బువ్వ పంపిస్తది. ఆశా వర్కర్‌కు చెప్పుడు, దవాఖానకు తోడు పోవుడు చదువుకున్న పిలగాండ్ల పని. వికలాంగుల పింఛన్‌కు సర్టిఫికెట్ లేనివాళ్లకు దరఖాస్తు పెట్టిస్తరు. వలస పోయినోళ్ల తల్లిదండ్రులు ఒంటరిగా ఉండే మన పాలమూరు పల్లెలకు ఈ నోటుబుక్కు ఇంకా అవసరం. బొంబాయిల ఉన్న కొడుకు రావడానికి రెండు రోజులు పడుతుంది. జ్వరం రెండు రోజులు ఆగదు.

ఇది మనకు కొత్త పని కాదు. అశోకుడు మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేయించానని తన రెండో శిలాశాసనంలో చెప్పుకున్నాడు. ఆ శాసనం మన పాలమూరు అవతల, కర్నూలు దిక్కు ఎర్రగుడి బండల మీద ఇప్పటికీ ఉంది. మన నల్లగొండ అంచున కృష్ణ ఒడ్డునున్న నాగార్జునకొండ విహారాల్లో దొరికిన ఒక శాసనంలో విగతజ్వరాలయం అనే మాట ఉంది. జ్వరం విడిచే చోటు అని అర్థం. అంటే మన పూర్వీకులు విహారంలో ధ్యానానికి అర్ర కట్టినట్టే జ్వరానికీ అర్ర కట్టిన్రు. ఆ లోయను ముంచిన సాగర్ నీళ్లే అక్కంపల్లి రిజర్వాయర్ మీదుగా ఇప్పుడు మన ఫ్లోరైడ్ పల్లెలకు తాగు నీళ్లై వస్తున్నాయి. నీళ్లు వచ్చినయి. జ్వరాలయం కూడా మన మధ్యకు తిరిగి రావాలె. దానికి సిమెంటు అక్కర లేదు. మనిషి పోయి కూసుంటే చాలు.

మొన్న పున్నమికి అన్న మళ్లా వందనకు వచ్చిండు. ఆయన వచ్చిన గంటన్నర సేపు వదిన దగ్గర మా ఇంటామె కూసున్నది. "ఏమన్న కావాల్నా వదినా" అని అడిగితే వదిన అన్నదట: "నాకేం వద్దు. ఆయన నడుమ లేసి రాకుండ చూడుర్రి. పూర్తిగ విని రానియ్యిర్రి."

ఈ రాత్రి వందన అయినంక ఇంటికి పోయేటప్పుడు మీ వాడలో ఏ ఇంట్ల దీపం ఆరకుండా ఉందో చూడండి. ఆ తలుపు కొట్టండి. చేతులు కడుక్కొని లోపలికి పోండి.

సబ్బే సత్తా సుఖి హోంతు. నమో బుద్ధాయ. జై భీం.